ఒక అక్షరం, మూడు కారాలు

చైనా భాషలో మిరియం పేరు ‘హూజ్యావ్’, మిరపకాయ పేరు ‘లాజ్యావ్’. రెండింటిలోనూ ఉమ్మడిగా కనిపించే ‘జ్యావ్’ అనే అక్షరం మొదట ఈ రెండింటిదీ కాదు. ఆ అక్షరంలో ఎడమ సగం చెట్టుకు గుర్తు, కుడి సగం ‘షూ’ అని పలికే మరో అక్షరం. చైనా అక్షరాల్లో అధిక భాగం ఇలాగే ఒక సగం అర్థాన్ని, మరో సగం ఉచ్చారణను సూచించేలా కూర్చినవే. నేటి పలుకులో షూకూ జ్యావ్‌కూ పోలిక తెలియదు గాని, ప్రాచీన కాలంలో ఆ రెండు శబ్దాలూ దగ్గరివి. క్రీ.శ. 100 ప్రాంతంలో షూ షెన్ కూర్చిన నిఘంటువులో మాత్రం ఈ మాటకు చెట్టు గుర్తు బదులు గడ్డిజాతి మొక్కల గుర్తు ఉంది.

చెట్టు గుర్తే నిజానికి సరైనదని నాకనిపిస్తుంది. ఎందుకంటే ఆ అక్షరం తొలుత సూచించింది నిమ్మ, నారింజల కుటుంబానికి చెందిన ఒక ముళ్ల చెట్టును. దాని కాయల పైపెంకును నమిలితే నాలుక మంట పుట్టదు, జివ్వుమని తిమ్మిరెక్కుతుంది. సాన్షూల్ అనే పదార్థం స్పర్శను గ్రహించే నాడులను కదిలించడమే అందుకు కారణం. చైనావారి అతి ప్రాచీన కవితా సంకలనమైన షీజింగ్‌లో, గుత్తులుగా కాసి కొలపాత్రను నింపే ఈ కాయల మీద ఒక పాట ఉంది. ఆ విరగకాపు సంతాన సమృద్ధికి సంకేతమైంది. హాన్ వంశపు రాణుల మందిరాల గోడలకు ఈ కాయల పొడి కలిపిన మట్టి పూసేవారు. పరిమళం, వెచ్చదనం, సంతానం, మూడూ కోరి చేసిన పని అది. ‘జ్యావ్ గది’ అంటే రాణివాసమని అర్థం స్థిరపడింది.

తరవాత పడమటి దారుల్లో మిరియాలు వచ్చాయి. కొత్త ఘాటుకు కొత్త అక్షరం పుట్టించకుండా, పరదేశీయులను సూచించే ‘హూ’ను పాత అక్షరం ముందు చేర్చారు. అప్పట్లో ఆ దినుసు ఎంత విలువైనదో చెప్పడానికి ఒక ఉదంతం చాలు: 777లో మరణదండన పొందిన టాంగ్ వంశపు మంత్రి యువాన్ జై ఇంట్లో 800 ‘షీ’ల మిరియాలు దొరికాయని చరిత్రకారులు రాశారు. షీ అంటే ధాన్యం కొలిచే పెద్ద కొలత.

అమెరికా ఖండం నుంచి సముద్రాలు దాటి వచ్చిన మిరపకాయకూ ఇదే జరిగింది. 1591 నాటి గావ్ లియెన్ గ్రంథంలో అది ‘ఫాన్‌జ్యావ్’, అంటే విదేశీ జ్యావ్. తెల్లని పూలు, మొండి కుంచె కొసలాంటి ఎర్రని కాయలు చూడముచ్చటగా ఉంటాయని అందులో వర్ణన. మిరియం తీగ, మిరప చిన్న మొక్క. అయినా రెండింటి పేర్లలోనూ చెట్టు గుర్తు నిలిచిపోయింది. మన ‘మిరప’ కూడా మిరియం పేరును పంచుకున్నదే కదా! ఇక అసలు హక్కుదారైన ముళ్ల చెట్టు కాయను ఇప్పుడు ‘హ్వాజ్యావ్’, అంటే పువ్వు జ్యావ్ అని విడమరచి చెప్పవలసి వస్తోంది.

ఆ చెట్టుకు మన కొండల్లోనూ ఒక దగ్గరి చుట్టం ఉంది. దాని పేరు రచ్చమాను. శాస్త్రనామం జాంథోగ్జైలమ్ రెట్సాలోని ‘రెట్సా’ ఈ తెలుగు మాటే. కొండవాసులు దాని నీడన రచ్చ తీరేవారు కనుక ఆ పేరు వచ్చిందని వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ రాశాడు.