ప్రిన్స్ ఆఫ్ వేల్స్: ఆ బిరుదు ఎవరింటిది?

2022 సెప్టెంబర్ 8న రెండో ఎలిజబెత్ రాణి కన్నుమూసింది. మర్నాడు టీవీలో మాట్లాడిన కొత్త రాజు చార్లెస్, పెద్ద కొడుకు విలియమ్‌ను ‘ప్రిన్స్ ఆఫ్ వేల్స్’ చేస్తున్నట్టు చెప్పాడు. లండన్‌కు అది మామూలు లాంఛనమే. వేల్స్‌లో మాత్రం అసలా బిరుదే తీసేయాలంటూ ఆన్‌లైన్‌లో పిటిషన్ నడిచింది, వేలకు వేలు సంతకాలు పడ్డాయి. సరిగ్గా వారానికి, సెప్టెంబర్ 16న, చార్లెస్ కార్డిఫ్ వచ్చాడు. 1400లో ఇంగ్లండ్ మీద తిరగబడి, వేల్స్ ప్రిన్స్‌ను నేనే అని చాటుకున్న ఓవైన్ గ్లిన్‌డూర్‌ను అక్కడివాళ్ళు తలుచుకునే రోజు అది. తేదీ అలా కలిసొచ్చిందో, ఎవరూ పట్టించుకోలేదో గానీ కొందరికి పుండు మీద కారం చల్లినట్టయింది. నాలుగేళ్ళ ముందు సెవెర్న్ నది మీది వంతెనకు ‘ప్రిన్స్ ఆఫ్ వేల్స్’ పేరు పెట్టినప్పుడూ ఇదే గొడవ. వేల్స్‌లో అందరూ ఈ బిరుదుకు వ్యతిరేకులని కాదు. చాలామందికి అభ్యంతరమే లేదు. కానీ అభ్యంతరం ఉన్నవాళ్ళ మాట అర్థం కావాలంటే ఏడున్నర శతాబ్దాలు వెనక్కి, ఒక కుటుంబం ఇంట్లోకి వెళ్ళాలి.

మనకు ఈ పేరు కొత్తది కాదు. 1921 నవంబర్‌లో ఒక ప్రిన్స్ ఆఫ్ వేల్స్ బొంబాయిలో దిగితే కాంగ్రెస్ పిలుపు మీద దేశంలో హర్తాళ్ జరిగింది. మన చరిత్ర పుస్తకాల్లో ఆ మాటకు అర్థం ఇంగ్లిష్ యువరాజు, అంతే. ఆ బిరుదును మొదట తలకెత్తుకున్నది ఇంగ్లండ్‌తో పోరాడిన వేల్స్ కుటుంబమని ఆ పుస్తకాలు చెప్పవు.

ఆ కుటుంబం ఉత్తర వేల్స్‌లోని గ్వినెద్ రాజులది. కొండలు, సముద్రం, ధాన్యం పండే యాంగిల్సీ దీవి, ఇవే వాళ్ళ బలం. బలహీనత ఇంట్లోనే ఉండేది. వేల్స్ ఆచారం ప్రకారం తండ్రి ఆస్తి కొడుకులందరికీ చెందుతుంది. పెళ్ళాడిన భార్యకు పుట్టినవాడా కాదా అన్న పట్టింపు కూడా లేదు. తండ్రి నా కొడుకే అంటే చాలు, వాటా ఉన్నట్టే. పొలానికి ఇది న్యాయమైన పద్ధతే, రాజ్యానికి మాత్రం ఉరితాడు. 1170లో ఓవైన్ గ్వినెద్ అనే పెద్ద రాజు పోతే, ఆ ఏడే ఒక కొడుకును సవతి తమ్ముళ్ళు యుద్ధంలో చంపేశారు. దాయాది అన్న మాటలో మనకు వినిపించే విషమంతా ఈ వంశంలో కనిపిస్తుంది.

ఓవైన్ మనవడు లువెలిన్ ఆప్ యోర్వెర్త్ (ఆప్ అంటే ఫలానావాడి కొడుకు అని) పినతండ్రులను ఓడించి పైకొచ్చాడు. చరిత్ర ఇతన్ని ‘మహా’ లువెలిన్ అంటుంది. 1205లో ఇంగ్లండ్ రాజు జాన్ కూతురు జోన్‌ను పెళ్ళాడాడు. ఆమె జాన్‌కు పెళ్లి బయట పుట్టిన బిడ్డ. వేల్స్ వాళ్ళు ఆమెను సివాన్ అంటారు. 1211లో మామగారే అల్లుడి మీదికి సైన్యంతో వచ్చినప్పుడు తండ్రి దగ్గరికి రాయబారం వెళ్ళింది ఈవిడే. సంధి కుదిరింది గానీ, లువెలిన్ పెద్ద కొడుకు గ్రిఫిద్‌ను హామీగా అప్పగించాల్సి వచ్చింది. ఈ గ్రిఫిద్ జోన్ కొడుకు కాదు, అంతకు ముందు టాంగ్విస్టిల్ అనే స్త్రీకి పుట్టినవాడు. 1215 నాటి మాగ్నా కార్టాలో 58వ నిబంధన చూడండి: లువెలిన్ కొడుకును వెంటనే వదిలిపెట్టాలి అని ఉంటుంది. ఆ కొడుకు ఇతనే.

మహా లువెలిన్‌కు పంపకాల ఆచారం కొంప ముంచుతుందని తెలుసు. అందుకే రాజ్యమంతా ఒక్క కొడుక్కే, జోన్‌కు పుట్టిన దావిద్‌కే రావాలని పట్టుబట్టాడు. 1220లో ఇంగ్లండ్ రాజు మూడో హెన్రీ చేత ఒప్పించాడు, ఆ తర్వాత పోప్ ఆమోదం తెచ్చుకున్నాడు, 1226లో పోప్ చేత జోన్ పుట్టుక కూడా సక్రమమే అనిపించాడు. మరి గ్రిఫిద్ సంగతి? ఆచారం ప్రకారం హక్కున్న పెద్ద కొడుకు తండ్రి చెరలోనే ఆరేళ్ళు గడిపాడు.

ఈ ఇంటి కథలో 1230 వేసవిని వదిలేయలేం. దావిద్‌కు కాబోయే మామ విలియమ్ డి బ్రయోస్ అతిథిగా వచ్చి, జోన్ పడకగదిలో దొరికిపోయాడు. లువెలిన్ అతన్ని మే 2న పట్టపగలు జనం ముందు ఉరి తీయించాడు. అంతటితో సంబంధం చెడిపోవాలి కదా, చెడలేదు! ఉరి తీసిన మనిషి కూతురు ఇసబెల్లాతోనే దావిద్ పెళ్లి జరిపించారు. భూములు అంత ముఖ్యం మరి. జోన్ ఏడాది పాటు నిర్బంధంలో ఉంది, ఆ తర్వాత భర్త మళ్ళీ పక్కన కూర్చోబెట్టుకున్నాడు. 1237లో ఆమె పోతే ఆమె పేర లాన్‌వైస్‌లో సన్యాసుల మఠం కట్టించాడు. ఆ మఠం తర్వాత కూలిపోయింది, ఆమె రాతి శవపేటిక కొంతకాలం గుర్రాలు నీళ్ళు తాగే తొట్టి అయింది. ఇప్పుడు బ్యూమారిస్ చర్చిలో ఉంది.

1240లో మహా లువెలిన్ చనిపోయాడు. దావిద్ గద్దెనెక్కాడు, అన్న గ్రిఫిద్ మళ్ళీ చెరలో ఉన్నాడు. 1241లో గ్రిఫిద్ భార్య సెనానా ధైర్యం చేసి ఇంగ్లండ్ రాజు హెన్రీతో బేరం కుదుర్చుకుంది: 600 మార్కులు ఇస్తాం, చిన్న కొడుకులు దావిద్, రోద్రిలను పూచీగా ఉంచుతాం, మా ఆయన్ను విడిపించండి అని. హెన్రీ సైన్యంతో వెళ్ళి దావిద్‌ను లొంగదీశాడు, గ్రిఫిద్‌ను తన చేతిలోకి తీసుకున్నాడు, తిన్నగా లండన్ టవర్‌లో పెట్టాడు. గ్వినెద్ చెర పోయి లండన్ చెర వచ్చింది. 1244 మార్చి 1 రాత్రి గ్రిఫిద్ దుప్పట్లు ముడివేసి తాడుగా దించుకుని పారిపోబోయాడు. తాడు తెగింది. తలకిందులుగా పడిపోతున్న అతని బొమ్మను ఆ కాలపు చరిత్రకారుడు మాథ్యూ పారిస్ తన పుస్తకం అంచున గీశాడు. మార్చి 1 వేల్స్ వాళ్ళకు సెయింట్ డేవిడ్ పండుగ రోజు.

రెండేళ్ళకు దావిద్ కూడా పిల్లలు లేకుండా పోయాడు. ఇక మిగిలింది గ్రిఫిద్ నలుగురు కొడుకులు: ఓవైన్, లువెలిన్, దావిద్, రోద్రి. పేర్లు తికమక పెడతాయి. మనలాగే వాళ్ళూ తాత పేరు మనవడికి పెట్టుకునేవాళ్ళు. ఇక్కణ్ణుంచి లువెలిన్ అంటే ఈ మనవడు, దావిద్ అంటే ఇతని తమ్ముడు.

తాత ఇరవై ఏళ్ళు కష్టపడి ఆపాలనుకున్న పంపకం మళ్ళీ మొదటికొచ్చింది. ఓవైన్, లువెలిన్ గ్వినెద్‌ను చెరిసగం చేసుకున్నారు. దావిద్ ఈడుకొచ్చాక తన వాటా అడిగాడు, హెన్రీ సై అన్నాడు. ఇంట్లో వాటాలు పెరిగే కొద్దీ ఇంగ్లండ్‌కు లాభమే. 1255లో బ్రిన్ డెర్విన్ అనే చోట లువెలిన్ ఒక్కడే ఒకవైపు, అన్న, తమ్ముడు మరోవైపు నిలబడి కొట్టుకున్నారు. లువెలిన్ గెలిచాడు. ఓవైన్‌ను 22 ఏళ్ళు బంధించాడు. అన్నను అలా మగ్గబెట్టడం ఏం ధర్మమని ఒక కవి పద్యాలు కట్టినా కరగలేదు. తండ్రి చెరలో చచ్చిన తీరు తెలిసిన కొడుకే ఇలా చేశాడు. అతను దుర్మార్గుడని నేననుకోను. పంపకమంటే రాజ్యం పోవడమేనని ఆ ఇంట్లో పెరిగినవాడు నేర్చుకున్న పాఠం అది.

1258 నుంచి లువెలిన్ తనను ‘వేల్స్ ప్రిన్స్’ అని రాసుకోవడం మొదలుపెట్టాడు. పూర్వం ఆ వంశంవాళ్ళు రాజులమని చెప్పుకునేవారు. అలాంటి రాజులు వేల్స్‌లో చాలామంది ఉండేవారు కాబట్టి, ప్రిన్స్ అంటే వాళ్ళందరికీ పైవాడని అర్థం, రాజు కన్నా తక్కువవాడని కాదు. 1267 సెప్టెంబర్ 29న మాంట్‌గొమరీ ఒప్పందంలో హెన్రీ ఈ బిరుదును ఒప్పుకున్నాడు. ఖరీదు 25,000 మార్కులు. మార్కంటే పౌండులో మూడింట రెండు వంతులు. కొండ ప్రాంతపు రాజ్యానికి అది మోయలేని బరువు. ఇంగ్లండ్ రాజు ఒప్పుకున్న వేల్స్ ప్రిన్స్, స్వదేశపువాడు, ఇతనొక్కడే.

హెన్రీ తర్వాత వచ్చిన మొదటి ఎడ్వర్డ్ వేరే రకం. ఇక్కడ కూడా తమ్ముడి పాత్ర ఉంది. 1274లో దావిద్ మరో ప్రభువుతో కలిసి అన్నను చంపించబోయాడు. ఆ రాత్రి మంచు తుఫాను రావడంతో మనుషులు చేరుకోలేకపోయారు. కుట్ర బయటపడ్డాక ఇద్దరూ ఇంగ్లండ్ పారిపోతే ఎడ్వర్డ్ ఆశ్రయమిచ్చాడు. నన్ను చంపబోయినవాళ్ళను ఇంట్లో పెట్టుకున్న రాజు ముందు మోకరిల్లడానికి నేను రానన్నాడు లువెలిన్. అయిదుసార్లు కబురొచ్చినా వెళ్ళలేదు. పైగా ఎడ్వర్డ్ మేనత్త కూతురు ఎలనోర్ డి మాంట్‌ఫోర్ట్‌ను పెళ్ళాడాలనుకున్నాడు. ఎలనోర్ తండ్రి సైమన్ ఎడ్వర్డ్ కుటుంబం మీద తిరుగుబాటు చేసి చచ్చిన మనిషి. ఆమె ఫ్రాన్స్ నుంచి ఓడలో వస్తుండగా ఎడ్వర్డ్ మనుషులు పట్టుకున్నారు. దాదాపు మూడేళ్ళు విండ్సర్‌లో బందీగా ఉంది.

1277 యుద్ధంలో లువెలిన్ ఓడిపోయాడు. బిరుదు మిగిలింది, భూమి చాలా వరకు పోయింది. 1278 అక్టోబర్ 13న వూస్టర్ కెథీడ్రల్ దగ్గర ఎడ్వర్డే దగ్గరుండి పెళ్లి చేసి, విందు ఇచ్చాడు. కానీ ఆ పెళ్లి రోజునే ఇంకో షరతుల కాగితం మీద లువెలిన్ చేత ముద్ర వేయించుకున్నాడు. పెళ్లికొడుక్కి అప్పటికి యాభై దాటాయి.

1282 మార్చిలో మళ్ళీ దావిదే నిప్పు పెట్టాడు. ఎడ్వర్డ్ పంచన చేరినవాడు ఆశించింది దక్కక, మట్టల ఆదివారం ముందు రాత్రి హావర్డెన్ కోట మీద పడ్డాడు. లువెలిన్ తనకు ముందుగా తెలియదన్నాడు. తెలిసినా తెలియకపోయినా తమ్ముడి యుద్ధం తనదైంది. జూన్ 19న ఎలనోర్ ఆడపిల్లను కని చనిపోయింది. పాపకు గ్వెన్‌లియన్ అని పేరు పెట్టారు. రాజీకి వచ్చిన ఆర్చ్‌బిషప్ పెకమ్, వేల్స్ వదులుకుంటే ఇంగ్లండ్‌లో ఏడాదికి వెయ్యి పౌండ్ల ఆదాయమున్న భూమి ఇప్పిస్తానన్నాడు. లువెలిన్ వద్దన్నాడు. డిసెంబర్ 11న బిల్త్ దగ్గర, కిల్మెరిలో చనిపోయాడు. ఇంగ్లండ్ పక్షాన ఉన్న మోర్టిమర్ సోదరులు కబురు పెట్టి రప్పించి పొడిపించారని ఒక కథనం, గుంపు నుంచి విడిపోయి ఎవరో ఏమిటో తెలియని సైనికుడి చేతిలో పోయాడని మరొకటి. తలను లండన్ పంపారు. ఐవీ తీగను కిరీటంలా చుట్టి టవర్ మీద గుచ్చారు. తండ్రి పడి చచ్చిన చోటది.

దావిద్ ఆరు నెలలు వేల్స్ ప్రిన్స్‌ననిపించుకుని పట్టుబడ్డాడు. 1283 అక్టోబర్ 3న ష్రూస్‌బరీలో గుర్రాల చేత ఈడ్పించి, ఉరి తీసి, ముక్కలు చేశారు. చిన్నపిల్లలైన అతని ఇద్దరు కొడుకులను బ్రిస్టల్ కోటలో పెట్టారు. పెద్దవాడు నాలుగైదేళ్ళలో పోయాడు. రెండోవాడు ఓవైన్ పెరిగి పెద్దయ్యాక కూడా, రాత్రిళ్ళు ఇనుప పట్టీలు వేసిన చెక్క బోనులో ఉంచాలని 1305లో ఎడ్వర్డ్ ఉత్తర్వు. గ్వెన్‌లియన్‌ను ఉయ్యాలలో ఉండగానే లింకన్‌షైర్‌లోని సెంప్రింగ్‌హమ్ మఠానికి పంపారు. పెళ్లి, పిల్లలు, వారసుడు అన్న బెడదే ఉండదు. ఆమె అక్కడే బతికి, సొంత భాష ఎరగకుండా 1337 జూన్ 7న 54 ఏళ్ళ వయసులో పోయింది. ఇంగ్లిష్ రాతల్లో ఆమె పేరు కూడా సరిగ్గా ఉండదు. ఆమె పోషణకు మూడో ఎడ్వర్డ్ ఏడాదికి 20 పౌండ్లు మంజూరు చేశాడు. మిగిలిన తమ్ముడు రోద్రి తన హక్కు ఎప్పుడో అమ్ముకుని ఇంగ్లండ్‌లో స్థిరపడ్డాడు. అతని మనవడు మరో ఓవైన్ ఫ్రెంచి రాజు కొలువులో చేరి నేనే వేల్స్ ప్రిన్స్‌నంటే, 1378లో జాన్ లాంబ్ అనేవాణ్ణి పంపి చంపించారు. హంతకుడికి ఇంగ్లండ్ ఖజానా ఇచ్చిన కూలి కూడా 20 పౌండ్లే.

గద్దె ఖాళీ అయ్యాక 1301లో ఎడ్వర్డ్ తన కొడుక్కి ఆ బిరుదు కట్టబెట్టాడు. వేల్స్‌లో పుట్టిన, ఇంగ్లిష్ ముక్క రాని ప్రిన్స్‌ను ఇస్తానని పసివాణ్ణి ఎత్తి చూపించాడన్న కథ తర్వాత ఎప్పుడో అల్లింది. 1284లో ఆ పిల్లాడు కైర్నార్వన్‌లో పుట్టేనాటికి అన్న అల్ఫోన్సో బతికే ఉన్నాడు, అతనే వారసుడు. 1911లో వేల్స్ నాయకుడు లాయిడ్ జార్జ్ పూనుకుని అదే కైర్నార్వన్ కోటలో ఒక యువరాజుకు వేడుకగా పట్టం కట్టించాడు. బొంబాయిలో హర్తాళ్ ఎదురైంది ఆయనకే. 1969లో చార్లెస్‌కు అక్కడే పట్టం కట్టారు, ముందురోజు అబెర్గెలేలో ఇద్దరు తాము మోసుకెళ్తున్న బాంబు పేలి చనిపోయారు. ఈమధ్య గుర్తు చేసుకునే తీరు మారింది. 2009లో గ్వినెద్ కొండల్లో ఒక శిఖరానికి కార్నెద్ గ్వెన్‌లియన్ అని పేరు పెట్టారు.

ఒక చిక్కు మిగిలింది. మహా లువెలిన్ కూతుళ్ళలో గ్వ్లాదిస్ అని ఒకామె ఉండేది, రాల్ఫ్ మోర్టిమర్ భార్య. కిల్మెరికి వచ్చిన మోర్టిమర్ సోదరులు ఆమె మనవళ్ళే, అంటే లువెలిన్‌కు సొంత మేనత్త మనవళ్ళు. వాళ్ళలో ఎడ్మండ్ సంతతి నుంచి నాలుగో ఎడ్వర్డ్ వచ్చాడు, అతని కూతురు ట్యూడర్ ఇంటికి కోడలైంది, ఆ దారినే నేటి రాజకుటుంబం వచ్చింది. మహా లువెలిన్ రక్తం విలియమ్‌లో ఉంది, కిల్మెరి రోజున అవతలి పక్షాన నిలబడిన మునిమనవడి వైపు నుంచి.