నీరసం కమ్మేసిన రోజు: అపోహలు - వాస్తవాలు

అపోహ: నీరసంగా ఉంటే ఓ బాటిల్ ఎక్కించుకుంటే సరిపోతుంది.

వాస్తవం: కోనసీమలోనైనా, భీమవరం చుట్టుపక్కలైనా ఈ నమ్మకం ఎంత పాతుకుపోయిందో వేరే చెప్పక్కర్లేదు. ఆ అర లీటరు సీసాలో ఉన్నదేమిటో చూడండి. 5 శాతం గ్లూకోజ్ అయితే 25 గ్రాముల చక్కెర. వంద కేలరీల లోపే, అంటే రెండు ఇడ్లీల పాటి. మామూలు సెలైన్ అయితే నాలుగున్నర గ్రాముల ఉప్పు, మిగతాదంతా నీళ్లే. వాంతులు, విరేచనాలై తాగింది నిలవనప్పుడు అది ప్రాణం నిలబెడుతుంది. అప్పులు, పిల్లల ఫీజులు, అత్తగారి మందులు ఒక్కసారే మీదపడి చతికిలబడ్డ మనిషికి మాత్రం దానివల్ల దక్కేది గంటసేపు ఎవరూ లేపకుండా పడుకోవడం. హాయి అనిపించేది చాలావరకు ఆ గంట వల్లే. దానికి సూది అక్కర్లేదు.

అపోహ: పనిలో పడితే ఓపిక అదే వస్తుంది, బద్ధకానికి లొంగకూడదు.

వాస్తవం: సగం నిజం. చిన్న పనితో ఒంట్లో కదలిక వస్తుంది. రోజూ చేసే పదీ చేసి తీరాలని పట్టుబడితే మధ్యాహ్నానికి మంచమెక్కుతారు, మర్నాడు అసలు లేవలేరు. పొద్దున్నే కాగితం మీద ఆ రోజు ఆగనివి మాత్రమే రాయండి: వేళకు మందులు, పిల్లల తిండి, గేదెకు కుడితి. మూడు పనులు దాటితే మిగతావి కొట్టేయండి. వంటను కుదించండి. గ్లాసు బియ్యం, అర గ్లాసు పెసరపప్పు, ఐదు గ్లాసుల నీళ్లు, ఉప్పు, పసుపు, కుక్కర్‌లో నాలుగు కూతలు. పైన నెయ్యి, పక్కన ఆవకాయ. కూరలు ఉంటే కూర్చునే తరగండి. బట్టలు రేపు, కల్లాపి కూడా రేపే.

పది నిమిషాలు పని, ఐదు నిమిషాలు కూర్చోవడం. ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు, కాస్త తేలిగ్గా అనిపించగానే మిగతావన్నీ లాగేయడం. తేలిగ్గా ఉన్నప్పుడే ఆపాలి.

అపోహ: టీ పడితే ఒళ్లు లేస్తుంది.

వాస్తవం: కాసేపు లేస్తుంది. సాయంత్రం తాగినది రాత్రి నిద్ర చెడగొడుతుంది. మధ్యాహ్నం మూడు తర్వాత వద్దు. ఐరన్ మాత్రకు ముందూ వెనకా గంటసేపు అసలే వద్దు, మాత్రలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు.

అపోహ: రాత్రి చెరువు కాపలా కాసినా పగలు పడుకుంటే లెక్క సరి.

వాస్తవం: తెల్లవారుజామున రొయ్యల చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల దగ్గర ఎవరో ఒకరు మేలుకోక తప్పదు. కానీ వెలుతురులో, ఉక్కపోతలో, ఫోన్ల మధ్య పగటి నిద్ర ముక్కలైపోతుంది. రోజూ ఒక్కరే కాకుండా వంతులేసుకోండి. పగలు పడుకునే గది చీకటి చేసి, ఫోను ఇంట్లోవాళ్ల చేతికిచ్చేయండి.

అపోహ: సాయం అడిగితే చులకనైపోతాం.

వాస్తవం: అడిగే తీరులోనే ఉంది. "కాస్త చూసుకోండి" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. "వదినా, ఇవాళ ఐదింటికి పాపని ట్యూషన్ నుంచి తీసుకొస్తావా?" అంటే చాలాసార్లు పని జరిగిపోతుంది.

అపోహ: ఇదంతా మనసు బలహీనత.

వాస్తవం: ముందు రక్తం చూపించుకోండి. హిమోగ్లోబిన్ ఆడవాళ్లలో 12, మగవాళ్లలో 13 కంటే తక్కువైతే రక్తహీనత. థైరాయిడ్, షుగర్, బీ12 కూడా చూడాలి. ఐరన్ మాత్రలతో విరేచనం నల్లగా అవుతుంది. దానికి భయపడి మానేసేవాళ్లే ఎక్కువ. భయపడక్కర్లేదు, డాక్టరు చెప్పినన్నాళ్లూ వాడాలి.

ఛాతీలో బరువు, ఆయాసం, ఒక పక్క చెయ్యి పడిపోవడం ఉంటే ఇది నీరసం కాదు, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

ఇక దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటి దాదాపు రోజూ ఉంటే డిప్రెషన్ కావచ్చు, డాక్టరుకు చూపించాలి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఒక్కరోజు కూడా ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. నంబరు నొక్కే ఓపిక కూడా లేకపోతే ఇంట్లోవాళ్లు కలిపి ఫోను చేతికివ్వండి, పక్కనే కూర్చోండి.