లోన్ ఎందుకు ఇవ్వలేదో రాసివ్వాలన్న రూలు 2007 నుంచీ ఉంది

రుణ చరిత్ర లేదన్న ఒక్క కారణంతో, మొదటిసారి లోన్ అడుగుతున్నవాళ్ల దరఖాస్తును తిరస్కరించొద్దని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు చెప్పిందని 2025 వర్షాకాల సమావేశాల్లో ఆర్థిక శాఖ సహాయ మంత్రి పంకజ్ చౌదరి లోక్‌సభకు జవాబిచ్చారు. అప్పటినుంచి ఈ వార్త చల్లారినట్టే చల్లారి మళ్లీ లేస్తోంది. వాట్సాప్ మెసేజీల్లో అది "సిబిల్ లేకపోయినా లోన్ ఇచ్చి తీరాలి" అయిపోయింది (సిబిల్ అంటే మన రుణ చరిత్ర చూసి స్కోరు ఇచ్చే సంస్థ, ఆ స్కోరునూ జనం అదే పేరుతో పిలుస్తారు). దాన్ని నమ్మి బ్రాంచికి వెళ్లినవాళ్లు "మాకు అలాంటి ఆర్డరేమీ రాలేదండీ" అనిపించుకుని తిరిగొస్తున్నారు. జవాబులో నిజంగా ఉన్నదేంటంటే, ఆర్‌బీఐ 2025 జనవరి 6 నాటి మాస్టర్ డైరెక్షన్‌లో (ఒక విషయం మీద ఆదేశాలన్నీ ఒకచోట చేర్చిన పత్రం) ఆ సూచన చేసింది, స్కోరు కనీసం ఇంత ఉండాలని ఎక్కడా గీత గీయలేదు, అయితే అప్పిచ్చే ముందు మనిషి గురించి విచారించుకునే బాధ్యత మాత్రం బ్యాంకులకే ఉంచింది.

అంటే ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయం ఇప్పటికీ బ్యాంకుదే. ఆ నిర్ణయం తప్పని మీకు అనిపిస్తే ఎక్కడ పట్టుకుని అడగాలి అన్నదే అసలు తగాదా.

సిబిల్ ఎప్పుడు పుట్టింది, స్కోరు 300 నుంచి 900 దాకా ఎందుకుంటుంది లాంటివి ఇప్పటికే చాలామంది రాశారు, వదిలేస్తున్నాను. నా దృష్టిలో ఈ కథంతా 2007 మార్చి 6 దగ్గర మలుపు తిరిగింది. ఆ రోజు ఆర్‌బీఐ బ్యాంకులకు ఒక చిన్న సర్క్యులర్ పంపింది. ఏ రకం లోనైనా, ఎంత మొత్తమైనా, చివరికి క్రెడిట్ కార్డు దరఖాస్తైనా, తిరస్కరిస్తే అందుకు ముఖ్య కారణాలేంటో దరఖాస్తుదారుకు లిఖితపూర్వకంగా చెప్పాలి. అదే దాని సారాంశం.

దాని విలువ తెలియాలంటే నాలుగేళ్లు వెనక్కి వెళ్లాలి. 2003 మే 5న రుణదాతల కోసం ఆర్‌బీఐ ఫెయిర్ ప్రాక్టీసెస్ కోడ్ (అప్పిచ్చేవాళ్లు న్యాయంగా నడుచుకోవాల్సిన నియమావళి) తెచ్చింది. కారణాలు రాతపూర్వకంగా చెప్పాలన్నది అందులోనూ ఉంది, కానీ 2 లక్షల రూపాయల లోపు అడిగే చిన్న రుణగ్రహీతలకు మాత్రమే. ఇంటి లోన్ అడిగినవాళ్లకు, షాపు పెట్టుకుందామని 5 లక్షలు అడిగినవాళ్లకు బ్యాంకు ఏమీ చెప్పక్కర్లేదు, కాగితం వెనక్కిచ్చేస్తే సరిపోయేది. 2007లో ఆ పరిమితి పోయింది. లోన్ పొందడం మనకెవరికీ హక్కు కాదు, అది నాకూ తెలుసు. కానీ కాదన్నప్పుడు ఎందుకు కాదో తెలుసుకునే హక్కు ఆ రోజు అందరికీ వచ్చింది.

ఈ తేడా ఎందుకింత ముఖ్యం? కారణం చేతికొస్తేనే దాన్ని సవాలు చేయగలం. మీ పేరు మీద ఫలానా పాత పర్సనల్ లోన్ బాకీ కనిపిస్తోందని రాసిచ్చారనుకోండి, అది ఎప్పుడో కట్టేసిందైతే బాకీ ఏమీ లేదన్న నో డ్యూస్ సర్టిఫికెట్ తీసి చూపిస్తారు. ఆదాయం చాలదన్నారనుకోండి, ఇంట్లో ఇంకొకరిని సహదరఖాస్తుదారుగా చేర్చి మళ్లీ అడుగుతారు. ఎవరికో షూరిటీ సంతకం పెట్టిన పాపానికి వాళ్ల బాకీ మీ రిపోర్టులోకి ఎక్కిందనుకోండి, కనీసం ఎవరి వెంట పడాలో తెలుస్తుంది. "మా అంతర్గత పాలసీకి సరిపోలేదు" అన్న ఒక్క లైను మెసేజీతో మీరు ఏం చేయగలరు?

సరిగ్గా జరిగింది అదే. సర్క్యులర్ వచ్చింది, తర్వాతి మాస్టర్ సర్క్యులర్లలోనూ నిలిచింది, పనిలో మాత్రం పలచబడిపోయింది. యాప్‌లో దరఖాస్తు పెడితే నిమిషాల్లో వచ్చే మెసేజీలో పాలసీ అన్న మాట తప్ప ఇంకేమీ ఉండదు. బ్రాంచిలో అయితే దరఖాస్తు తీసుకోకుండానే సిస్టమ్‌లో పాన్ నంబరు కొట్టి చూసి "మీ సిబిల్ బాలేదు, రాదు" అని నోటిమాటతో పంపేస్తారు. ఈ రెండోది ఇంకా ప్రమాదం. ఎందుకంటే కాగితాల ప్రకారం అక్కడ దరఖాస్తే లేదు, దరఖాస్తు లేనిచోట తిరస్కరణ లేదు, తిరస్కరణ లేనిచోట కారణం రాసివ్వాల్సిన పని లేదు. వచ్చిన ప్రతి లోన్ దరఖాస్తుకూ రసీదు ఇచ్చే ఏర్పాటు ఉండాలని ఆ 2003 కోడే చెప్పింది. ఆ రసీదు అడిగి తీసుకునేవాళ్లు ఎంత తక్కువమందో బ్యాంకు గుమ్మం ఎక్కిన ఎవరికైనా తెలుసు.

బ్యాంకుల వైపు మాట కూడా చెప్పాలి. అప్పుగా ఇచ్చేది డిపాజిటర్ల డబ్బు, మొండి బకాయి పడితే జవాబు చెప్పుకోవాల్సింది తామే, ఎవరిని నమ్మాలో తేల్చుకునే స్వేచ్ఛ లేకపోతే బ్యాంకు నడపలేం అంటారు. లోపలి కొలమానాలన్నీ బయటపెడితే వాటికి తగ్గట్టు కాగితాలు తయారుచేసుకొచ్చేవాళ్లు ఉంటారనీ అంటారు. నిజమే. అయితే ఆర్‌బీఐ అడిగింది కొలమానాలన్నీ కాదు, ఈ ఒక్క దరఖాస్తు ఎందుకు పోయిందన్న ముఖ్య కారణం.

2007 సర్క్యులర్ ఒంటరిగా రాలేదన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి. దానికి మూడు నెలల ముందే, 2006 డిసెంబర్ 14న, సిబిల్ లాంటి క్రెడిట్ ఇన్ఫర్మేషన్ కంపెనీల నియంత్రణ చట్టం, 2005 అమల్లోకి వచ్చింది. దాని 21వ సెక్షన్ ప్రకారం, లోన్‌కు దరఖాస్తు పెట్టిన ఎవరైనా తమ గురించి బ్యాంకు తెప్పించుకున్న క్రెడిట్ సమాచారం కాపీ ఇమ్మని ఆ బ్యాంకునే అడగొచ్చు. ఫీజు తీసుకుని బ్యాంకు ఇవ్వాల్సిందే. అందులో తప్పుంటే సరిచేయమని అడిగే హక్కూ ఉంది, అందుకు 30 రోజుల గడువూ ఉంది. రాతపూర్వక కారణం ఒక చేత్తో, రిపోర్టు కాపీ ఇంకో చేత్తో పట్టుకుంటే మామూలు మనిషి కూడా గట్టిగా నిలబడి అడగగలిగేవాడు.

ఒక మెలిక అదే సెక్షన్‌లో ఉంది. తప్పు సరిచేయాలంటే, ఆ సమాచారం పంపిన బ్యాంకు సరే అని ధ్రువీకరించాలి. అది ఒప్పుకోకపోతే సిబిల్ గానీ మిగతా మూడు సంస్థలు (ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హై మార్క్) గానీ తమంతట తాము మార్చలేవు. తప్పు రాసిన చేతికే దిద్దే అధికారం ఇచ్చారు. ఏళ్ల తరబడి జనం సిబిల్‌కీ బ్యాంకుకీ మధ్య మెయిళ్లు పెట్టుకుంటూ తిరిగింది ఇందుకే. 2024 డిసెంబర్‌లో లోక్‌సభలో కాంగ్రెస్ ఎంపీ కార్తీ చిదంబరం ఈ సంగతే ఎత్తారు. మనందరికీ రేటింగ్ ఇస్తున్నది ఒక ప్రైవేటు కంపెనీ అనీ, అది ఎలా ఇస్తోందో తెలియదనీ, అప్పీలుకు దారి లేదనీ ఆయన అన్నారు.

దారి అస్సలు లేదనలేం. 2022 సెప్టెంబర్ 1 నుంచి క్రెడిట్ సమాచార సంస్థల మీద కూడా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు (కస్టమర్ల ఫిర్యాదులు విని తేల్చే అధికారి) ఫిర్యాదు చేయొచ్చు. 2023 అక్టోబర్ 26న ఇచ్చిన ఆదేశం ఇంకాస్త పదునైంది. ఫిర్యాదు 30 రోజుల్లో తేలకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి, బ్యాంకు 21 రోజుల్లో సవరణ పంపకపోతే ఆ భారం బ్యాంకుదే. ఇది 2024 ఏప్రిల్ చివర్లో అమల్లోకి వచ్చింది. సవరణ కుదరదంటే ఎందుకు కుదరదో కస్టమర్‌కు చెప్పాలని కూడా అప్పుడే అన్నారు. 2007 సర్క్యులర్ వచ్చిన పదహారేళ్ల తర్వాత ఆర్‌బీఐ మళ్లీ అదే మాట చెప్పాల్సి వచ్చింది.

కోర్టులు కొంత నయం, కనీసం చదువుల లోన్ల విషయంలో. తల్లిదండ్రుల స్కోరు బాలేదని విద్యార్థికి లోన్ కాదనడం తప్పని 2020లో కేరళ హైకోర్టు చెప్పింది, చదువయ్యాక ఆ విద్యార్థి ఎంత సంపాదించి కట్టగలడన్నదే చూడాలంది. 2023లో అదే హైకోర్టు, విద్యార్థి సొంత స్కోరు తక్కువున్నా ఆ కారణంతోనే తోసిపుచ్చకూడదని, మానవీయంగా చూడాలని అంది. ఆ కేసుల్లో విద్యార్థులు కోర్టు దాకా వెళ్లగలిగింది కారణం ఏంటో బయటపడింది కాబట్టే. "పాలసీకి సరిపోలేదు" అని ఊరుకుని ఉంటే కోర్టు ముందు ఏం పెట్టేవారు?

చాలామంది పొరపాటు పడేది అంబుడ్స్‌మన్ దగ్గర. 2006 నాటి బ్యాంకింగ్ అంబుడ్స్‌మన్ పథకంలో, సరైన కారణం చెప్పకుండా లోన్ దరఖాస్తు తీసుకోకపోవడం ఫిర్యాదుకు ఒక ఆధారమని విడిగా రాసుంది. 2021 నవంబర్ 12న వచ్చిన ఇంటిగ్రేటెడ్ అంబుడ్స్‌మన్ పథకం ఆ జాబితాలను తీసేసి సేవాలోపం అన్న ఒక్క గొడుగు కిందికి అన్నీ తెచ్చింది, దాంతోపాటు బ్యాంకు వాణిజ్య నిర్ణయాల మీద ఫిర్యాదులు చెల్లవని స్పష్టంగా పెట్టింది. "నాకు లోన్ ఇవ్వలేదు" అని రాస్తే అది వాణిజ్య నిర్ణయమని మూసేసే అవకాశమే ఎక్కువ. "నా దరఖాస్తు తిరస్కరించి ముఖ్య కారణం రాతపూర్వకంగా ఇవ్వలేదు, అడిగినా రిపోర్టు కాపీ ఇవ్వలేదు" అని రాస్తే అది సేవాలోపం. ముందు బ్యాంకుకే ఫిర్యాదు పెట్టి 30 రోజులు చూడాలి. జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఆర్‌బీఐ ఫిర్యాదుల వెబ్‌సైట్ అయిన సీఎంఎస్ పోర్టల్‌లో ఫీజు లేకుండా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు వేయొచ్చు.

మంత్రి జవాబు పట్టుకుని ఇప్పుడు బ్యాంకుకు వెళ్తున్నవాళ్లు ఒకటి గమనించాలి. 2025 జనవరి సూచన వర్తించేది అసలు రుణ చరిత్రే లేనివాళ్లకు. ఎప్పుడో కరోనా రోజుల్లో ఈఎంఐలు ఆగిపోయి సెటిల్‌మెంట్ (బాకీలో కొంత కట్టి ముగించుకోవడం) చేసుకున్నవాళ్లకు, తమ పాన్ మీద ఇంకెవరో లోన్ యాప్‌లో అప్పు తీసుకుంటే ఇరుక్కున్నవాళ్లకు, కట్టేసిన బాకీ ఇంకా తెరిచే ఉన్నట్టు కనిపిస్తున్నవాళ్లకు అది వర్తించదు. వాళ్ల చేతిలో ఉన్నవి ఇప్పటికీ ఆ పాతవే: దరఖాస్తు రసీదు, 21వ సెక్షన్ కింద రిపోర్టు కాపీ, 2007 సర్క్యులర్ ఇచ్చిన రాతపూర్వక కారణం. కౌంటర్ దగ్గర మొదటగా అడగాల్సింది రసీదు.