గడ్డకు సూది తగిలితే రేగుతుందా? అపోహలు, వాస్తవాలు

"మేడం, సూది మాత్రం వద్దు. కెలికితే రేగుతుందంట."

ఈ మాట వారానికి రెండు మూడు సార్లయినా నా చెవిన పడుతుంది. ఆదోని వాళ్లంటారు, డోన్ వాళ్లంటారు, కర్నూలు టౌన్‌లోనే పుట్టి పెరిగి డిగ్రీలు చేసినవాళ్లూ అంటారు. నేను పాథాలజిస్టుని. మెడ మీదో రొమ్ములోనో గడ్డ కనబడితే సన్నటి సూదితో కాసిని కణాలు తీసి, మైక్రోస్కోప్ కింద చూసి, అదేంటో చెప్పడం నా పని. మొన్న సోమవారం ఒకావిడ బల్ల మీద పడుకున్నాక కూడా నా చెయ్యి పట్టుకుని ఆపి, లేచి వెళ్లిపోయింది. బయట వాళ్ల ఆడబిడ్డ "నేను ముందే చెప్పినా కదా" అంటోంది. ఆ రోజంతా మనసు అక్కడే ఉండిపోయింది, అందుకే రాస్తున్నా.

అపోహ: సూది గుచ్చినా, ముక్క తీసినా క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుంది.

వాస్తవం: మెడ, రొమ్ము, థైరాయిడ్ గడ్డలకు మేం రోజూ చేసే సూది పరీక్షతో అలా జరుగుతుందని భయపడాల్సిన పనే లేదు.

ఎందుకంటే మన కణాలు రాశి పోసిన జొన్నల్లా విడివిడిగా ఉండవు. పక్క కణాన్నీ, కింద ఉన్న పొరనూ గట్టిగా పట్టుకుని ఉంటాయి. డెస్మోజోములని చదువుకునుంటారు, చొక్కాకు గుండీల్లాగా రెండు కణాలను కలిపి పెట్టేవి అవే. క్యాన్సర్ కణం పాకాలంటే ముందు ఆ గుండీలు ఊడదీసుకోవాలి, కింది పొరను కరిగించాలి, రక్తనాళంలోకి దూరాలి, అక్కడ ప్రవాహం ఒరిపిడికీ తెల్లరక్తకణాలకూ దొరక్కుండా బతకాలి, చివరికి ఏ ఊపిరితిత్తిలోనో దిగి వేరు పట్టాలి. కణం నడిబొడ్డున ఉండే న్యూక్లియస్‌లోని డీఎన్ఏలో ఒక్కో మార్పూ చేరుతూ చేరుతూ ఏళ్ల మీద ఈ గుణాలు వస్తాయి. సూది డీఎన్ఏని మార్చదు. ఆ గుణాలు వచ్చేసిన గడ్డేమో సూది కోసం కాచుకుని కూర్చోదు, తనంతట తానే కణాలను రక్తంలోకి వదులుతూ ఉంటుంది, వాటిలో చాలా మటుకు దారిలోనే చచ్చిపోతాయి.

మినహాయింపులు లేవా అంటే ఉన్నాయి. వృషణంలో గడ్డకు సూది పెట్టం. చిన్నపిల్లల కంట్లో వచ్చే రెటినోబ్లాస్టోమాకు పెట్టం. కాలేయం గడ్డల్లో సూది వెళ్లిన దారిలో కణాలు పడటం కొద్దిమందిలో చూశారు కాబట్టి అక్కడ స్కాన్ చూసి, అవసరమైతేనే చేస్తారు. ఎక్కడ చేయకూడదో మాకు చదువులోనే నేర్పుతారు, ఆ జాగ్రత్త మాకు వదిలేయండి.

మరి "మా పక్కింటాయనకు ముక్క తీసినాకే ముదిరిపోయింది" అంటారు. ఆయన ముక్క పరీక్షకు ఎప్పుడొచ్చాడో ఎవరూ చెప్పరు. ఒక్క లెక్క చూడండి. ఒక కణం రెండై, రెండు నాలుగై, అలా 30 సార్లు రెట్టింపైతే 107 కోట్ల కణాలు. అది సుమారు ఒక సెంటీమీటరు గడ్డ, అంటే శెనగ గింజంత, చేతికి తగిలేది అప్పుడే. ఆ శెనగ గింజ నిమ్మకాయంత కావడానికి ఇంకో 6 రెట్టింపులు చాలు. 30 కనబడకుండా జరిగిపోయాయి, మన చేతిలో ఉన్నది ఆ ఆరే. ఆ ఆరింటిని ఆకు కట్లతో, కాపడాలతో, "చూద్దాంలే"తో గడిపేసి వస్తే, అప్పుడు తీసిన ముక్క మీద నింద పడుతుంది.

మా చిన్నత్తది కోడుమూరు దగ్గర పల్లె. రొమ్ములో శెనగ గింజంతే తగిలింది ఆమెకు. నేనప్పుడు పీజీలో ఉన్నా. "పిల్ల చదువుకుంటోంది, టెన్షన్ పెట్టొద్దు" అని నాకు చెప్పలేదు. డాక్టరు సూది పరీక్ష రాస్తే, ఎవరో వద్దన్నారని ఆ కాగితం దేవుడి పటం వెనక పెట్టి ఎనిమిది నెలలు పసరు కట్టించుకుంది. పండక్కి పోయినప్పుడు రైక పక్కకు తీసి చూపించింది. చర్మం బత్తాయి తొక్కలా గుంటలు గుంటలుగా ఉంది, చంకలో గడ్డలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. చెయ్యి పెట్టగానే నాకు అర్థమైంది. ఆపరేషన్, కీమో అన్నీ చేయించాం, రెండేళ్లు బతికింది. "అప్పుడే వచ్చింటే ఏమయ్యుండును పాపా?" అని అడిగింది ఒకరోజు. నేను ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నా, జవాబు చెప్పలేకపోయా.

భయం మీ తప్పు కాదు. అందుకే లోపల ఏం జరుగుతుందో చెప్తా వినండి. 23 గేజ్ సూది, రక్తం తీసే సూది కంటే సన్నం, మత్తు కూడా అక్కర్లేదు. గడ్డలోకి పెట్టి నాలుగైదుసార్లు కదిపితే సూది బోలులోకి కణాలు వస్తాయి. వాటిని గాజు స్లైడు మీద పరిచి, కొన్ని ఆరబెట్టి, కొన్ని వెంటనే ఆల్కహాల్‌లో వేసి రంగులద్దుతాం. అప్పుడు నేను చూసేది ముఖ్యంగా న్యూక్లియస్‌ని. మామూలు కణంలో అది తన హద్దులో ఉంటుంది, అంచు నున్నగా, రంగు పలచగా. క్యాన్సర్ కణంలో ఉబ్బి కణమంతా తానే ఆక్రమిస్తుంది, అంచు ముడతలు పడుతుంది, రంగు చిక్కబడుతుంది, ఒకదాని సైజుకూ ఇంకోదాని సైజుకూ పొంతన ఉండదు. పక్కన ఎర్రరక్తకణం కనిపిస్తే అదే నాకు స్కేలు, దాని అడ్డకొలత సుమారు 7 మైక్రాన్లు, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు.

ఇంకో మాట, రొమ్ములో గడ్డ అనగానే క్యాన్సరే కానక్కర్లేదు. చిన్న వయసు అమ్మాయిల్లో ఎక్కువగా ఫైబ్రోఅడినోమా అనే క్యాన్సర్ కాని గడ్డే, స్లైడులో కణాలు దుప్పి కొమ్ముల్లా కొమ్మలేసుకుని అందంగా కనబడతాయి. ఆ మాట చెప్పినప్పుడు తల్లుల మొహాలు చూడాలి. మెడ గడ్డలైతే మన దగ్గర టీబీవి కూడా చాలా వస్తాయి. నంద్యాల నుంచి పెళ్లి కుదిరిన అమ్మాయి ఒకతె మెడ పక్క మూడు గడ్డలతో వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్లు గండమాల అని మంత్రం వేయించారు, మిగతావాళ్లు క్యాన్సరని ఏడుస్తున్నారు. స్లైడు పెడితే న్యూక్లియస్‌లు గుర్రపు లాడం ఆకారంలో వరుస కట్టిన పెద్ద కణం, చుట్టూ విరిగిన పాలలాంటి చెత్త. టీబీ. ఆరు నెలల మందులు, ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. ఊపిరితిత్తుల్లో లేనంతవరకు మెడ గడ్డల టీబీ పక్కవాళ్లకు అంటదని పెళ్లికొడుకు వాళ్లకు నేనే ఫోన్లో చెప్పా. ముహూర్తం ఆరు నెలలు వెనక్కి జరిపారు, అంతే.

అపోహ: తీసిన ముక్కను ఏ సీసాలో తెచ్చినా ఒకటే.

వాస్తవం: కాదు, కాదు, కాదు. ఎక్కడ ఆపరేషన్ చేశారో చెప్పను గానీ, ఒక కొడుకు వాళ్లమ్మ ముక్కను మంచినీళ్లు పోసిన సీసాలో వేసుకుని, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. స్లైడులో నీడలు తప్ప ఏమీ లేవు. కణం పొర నీటిని లోపలికి రానిస్తుంది. బయట ఉప్పు లేని నీళ్లుంటే కణం తాగి తాగి ఉబ్బి పగిలిపోతుంది, ఈలోగా లైసోజోములనే కణంలోని చిన్న సంచుల్లో ఉండే ఎంజైములు బయటపడి లోపలున్నదాన్నంతా అరిగించేస్తాయి. ఆ అబ్బాయి మొహం చూసి నాకు నోట మాట రాలేదు, వాళ్లమ్మకు మళ్లీ కోత. ముక్క పాడవకుండా ఉంచే 10 శాతం ఫార్మలిన్ ద్రావణం, ముక్కకు కనీసం పది రెట్లు ఉండాలి, వెడల్పు మూతి సీసాలో, పేరు రాసి. ఆపరేషన్ థియేటర్ గుమ్మం దగ్గరే నిలబడి అడగండి, మొహమాటపడొద్దు.

మిగతావి గబగబా. చక్కెర మానేస్తే క్యాన్సర్ ఆకలితో చస్తుందంటారు, ఒంట్లో ప్రతి కణమూ గ్లూకోజ్ వాడుతుంది, మీరు తినకపోతే కాలేయం తయారుచేసి ఇస్తుంది, నీరసపడేది రోగే. ఆల్కలైన్ (క్షార) నీళ్లు తాగితే రక్తం మారి క్యాన్సర్ పోతుందంటారు, ఆ నీళ్లతో రక్తం మారదు, ఊపిరితిత్తులూ కిడ్నీలూ దాని పీహెచ్‌ని, అంటే ఆమ్ల క్షారాల కొలతని, 7.35 నుంచి 7.45 మధ్య పట్టి ఉంచుతాయి. డెంగీలో తగ్గిన ప్లేట్‌లెట్లు చాలామందిలో జ్వరం తగ్గిన కొన్ని రోజులకు వాటంతట అవే పెరుగుతాయి, ఆ పేరు బొప్పాయి ఆకుకు పోతోంది.

సూది పరీక్షకు పరగడుపున రానక్కర్లేదు, తినేసి రండి. రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటుంటే ముందే చెప్పండి, పాత రిపోర్టులు తెచ్చుకోండి. సోమవారం లేచి వెళ్లిన అక్కా, ఇది నీ దాకా వస్తే ఈ వారంలోనే రా. మీ ఆడబిడ్డను కూడా తోడు తీసుకురా, నీ స్లైడు ఆమెకు కూడా చూపిస్తా.