తొక్కుడుబిళ్లతో ట్రిపుల్ జంప్: పాత ఆటలపై అపోహలు, వాస్తవాలు

అపోహ: పాత ఆటలు ఆడనిస్తే చాలు, అథ్లెటిక్స్ దానంతటదే వచ్చేస్తుంది.

రాదు. తొక్కుడుబిళ్లనే చూడండి. మామూలు గడులు చిన్నవి. పిల్లలు అలవాటైన కాలి మీదే, మునివేళ్లతో టకటకా కుంటేస్తారు. నిలకడ వస్తుంది గానీ దూకడం రాదు. ఆటను ఉంచి గీతలు మార్చాలి. మట్టి నేల మీద సున్నంతో వరసగా మూడు గడులు గీయండి. ఐదో తరగతికి ఒక్కో గడి 80 సెంటీమీటర్లతో మొదలుపెట్టి, ఏడో తరగతికి 120 దాకా పెంచవచ్చు. కుడికాలి మీద బయల్దేరితే మొదటి గడిలో అదే కుడికాలు, రెండో గడిలో ఎడమ, మూడో గడిలో రెండు కాళ్లూ. ట్రిపుల్ జంప్‌లో హాప్, స్టెప్, జంప్ అంటే ఇదే. మరుసటి వంతు ఎడమకాలితో.

హుషారైన పిల్లలు మొదటి హాప్‌నే బారుగా వేస్తారు. అంత ఎత్తు నుంచి దిగిన కాలు మోకాలి దగ్గర కూలబడుతుంది, దాంతో స్టెప్ అడుగున్నరకే ముగుస్తుంది. అప్పుడు "గట్టిగా దూకు" అని అరిస్తే ఇంకా చెడుతుంది. మూడు గడులూ సమానంగా ఉంచి, గీత తొక్కినా గడి దాటినా వంతు పోయినట్టే అనండి, సర్దుకుంటుంది. పాదం మొత్తం ఆనాలి, చూపు ఎదురుగా ఉండాలి. బిళ్ల కాళ్ల దగ్గరుంటే చూపు కిందికే పోతుంది. అసలు తీసేస్తామంటే పిల్లలు ఊరుకోరు కాబట్టి చివరి గడి అవతల పెట్టండి. పీరియడ్‌కి ఒక్కొక్కరికి ఎనిమిది, పది వంతులు చాలు. సిమెంటు గచ్చు మీద మాత్రం వద్దు.

అపోహ: ఏడు పెంకులాటతో త్రోలన్నీ మెరుగవుతాయి.

జావెలిన్‌కి పనికొస్తుంది, షాట్‌పుట్‌కి కాదు. గుండును విసరరు, మెడకానించి నెడతారు. బంతిలా విసిరితే మోచేయి గుండు కన్నా ముందుకొచ్చి నొప్పి పెడుతుంది. జావెలిన్ కోసమైనా పెంకులు నేల మీద ఉంటే చేయి కిందికే విసురుతుంది. బల్ల మీద పేర్చి, 6 మీటర్ల దూరం నుంచి వేయించండి. పెంకులు పడి పగులుతాయి, కొబ్బరి చిప్పలు నయం. కుడిచేతివాటమైతే ఎడమకాలు ముందు, మోచేయి భుజం కన్నా పైన. కుడికాలే ముందుంటే నడుము తిరగదు, భారమంతా చేతి మీదే. మనుషుల్ని కొట్టే వంతుకు గుడ్డబంతే వాడాలి.

అపోహ: ఔటైనవాళ్లు పక్కన కూర్చుంటేనే ఆటలో పట్టుదల.

ముందు ఔటయ్యేది నెమ్మదైన పిల్లలే, సాధన కావలసిందీ వాళ్లకే. కుంటాటలో దొరికినవాళ్లు 20 మీటర్ల అవతలి రాయిని తాకొచ్చి మళ్లీ కలవాలి.

అపోహ: ఖోఖో ఆడేవాళ్లకు స్ప్రింట్ స్టార్ట్ వచ్చినట్టే.

సగమే నిజం. పిలుపు వినగానే లేచే చురుకు ఉంటుంది. కానీ ఖోఖోలో లేస్తూనే పక్కకు తిరగాలి, 100 మీటర్లలో నేరుగా పోవాలి. అందుకే వరసగా కూర్చోబెట్టి, "ఖో"కి బదులు విజిల్ వేసి, 10 మీటర్లు సూటిగా పరుగెత్తించండి. చాలామంది ముందు నిటారుగా నిలబడి, తర్వాత కదులుతారు. మొదటి నాలుగైదు అడుగులు ఒళ్లు ముందుకు వాలే ఉండాలి. విజిల్‌కి ముందే కదిలినవాళ్లను వరస చివరికి పంపండి. 2010 నుంచి 100 మీటర్ల రేసులో ఒక్క ఫాల్స్ స్టార్ట్‌కే బయటికి పంపేస్తున్నారు మరి.