డికాక్షన్ చల్లగా, పాలు పొగలుగా

విజయనగరం నుంచి అరకు బయల్దేరిన ప్రతిసారీ మా ఇంట్లో తగువే: కాఫీ ఎలా పట్టుకెళ్లాలి? పోయినసారి డికాక్షన్, పాలు, పంచదార అన్నీ కలిపి, మరుగుతున్నదాన్నే ఫ్లాస్కులో పోసేశాను. ఘాట్ మొదట్లో కారు ఆపి గ్లాసు అందిస్తే, మా బావ ఒక గుక్క తాగి నా మొహం చూశాడు. "ఏట్రా బామ్మర్దీ, కాఫీయా కషాయమా?"

తప్పు ఫ్లాస్కుది కాదు. 1892లో జేమ్స్ డ్యూయర్ రూపొందించిన ఈ జోడుగోడల సీసా తన పని తాను చేసింది. గోడల మధ్య గాలి లేదు కాబట్టి వేడి బయటికి పోదు. చిక్కు కూడా అదే. వేడిగా ఉన్నంతసేపూ కాఫీ మారుతూనే ఉంటుంది: క్లోరోజెనిక్ ఆమ్లాలు విడిపోయి క్వినిక్ ఆమ్లం పెరుగుతుంది, పులుపూ వగరూ నాలుకకి తగులుతాయి. సువాసన సంగతి చెప్పక్కర్లేదు, మూత తీసిన క్షణమే ఎగిరిపోతుంది.

ఇప్పుడు డికాక్షన్, పాలు వేరు చేశాను. రాత్రే ఇత్తడి ఫిల్టరులో దించిన డికాక్షన్‌ని చిన్న స్టీలు సీసాలో, గాలి మిగలకుండా మూతి దాకా నింపి ఫ్రిజ్‌లో పెడతాను. పాలు ఎస్‌.కోట (శృంగవరపుకోట)లో దారి పక్క టీకొట్టు పొయ్యి మీద పొంగినవే. ఫ్లాస్కుని ముందు వేడినీళ్లతో కడిగి, అందులో పోయించుకుంటాను. ఇంటి నుంచి పాలు మోసుకెళ్తే సాయంత్రానికి 60 డిగ్రీల కిందికి జారతాయి, ఇక సూక్ష్మజీవులకి పండగే.

"చల్లటి డికాక్షన్‌తో కాఫీ ఏం బాగుంటుందిరా?" అంటుంది అక్క. లెక్క చూడండి. ఘాట్ మీద అనంతగిరి చేరేసరికి పాలు 85 డిగ్రీలకి దిగాయనుకుందాం. అవి రెండు వంతులు, 20 డిగ్రీల డికాక్షన్ ఒక వంతు కలిస్తే 63 డిగ్రీలు. నోరు కాలదు, చల్లారిందనీ అనిపించదు.

కారులోనే నీళ్లు కాచుకోవచ్చుగా అంటారా? లైటర్ సాకెట్ ఇచ్చేది 12 వోల్టులు, మహా అయితే 10 ఆంపియర్లు: అంటే 120 వాట్లు. పావు లీటరు నీళ్లు 30 నుంచి 100 డిగ్రీలకి రావాలంటే, చుక్క వేడి వృథా కాకపోయినా 10 నిమిషాలు. ఇంట్లో 1500 వాట్ల కెటిల్‌కి ఒక్క నిమిషం పని. అద్దాలు మూసిన కారులో గ్యాస్ పొయ్యి మాత్రం వెలిగించకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, రంగు లేదు.

పైన, సిల్వర్ ఓక్‌లకి మిరియాల తీగలు అల్లుకున్న ఆ మలుపుల్లో, నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. అన్నం వండేవాళ్లకి అది ఇబ్బందే. కాఫీకి కాదు, పొడిలోంచి సారం దిగడానికి 90 నుంచి 96 చాలు. అందుకే ఈసారి ఫిల్టరు కూడా సంచిలో పెట్టాను. తోటల దగ్గర ఆగినప్పుడు బండ మీద పెట్టి దించాలి. కదిలే కారులో ఒకసారి పెట్టి చూశాను: గతుకులకి పొడి అణిగిపోయి, అరకు చేరినా కింద గిన్నెలో నాలుగు చుక్కలే.