వైఫై నిండుగా ఉంది, నెట్ రాదేం? అపోహలు – వాస్తవాలు

ఇళ్లకు ఫైబర్ కనెక్షన్లు బిగించడం, పాడైతే వెళ్లి చూడటం నా పని. ఫోన్ ఎత్తగానే వినిపించేది ఒకటే మాట: "బాబూ, నెట్ రావట్లేదు." తీరా వెళ్తే చాలాసార్లు లైను బాగానే ఉంటుంది, తేడా ఇంట్లోనే దొరుకుతుంది.

అపోహ: వైఫై అంటేనే ఇంటర్నెట్.

వాస్తవం: వైఫై మీ ఫోనుకీ రూటర్‌కీ మధ్య ఉండే దారి, అంతే. ఇంటర్నెట్ వీధిలోంచి తీగలో వస్తుంది. వంటింట్లో కుళాయి, పైపు నిక్షేపంలా ఉన్నా మున్సిపాలిటీ వాళ్లు నీళ్లు వదలకపోతే చుక్క రాదు. వైఫై గుర్తు నిండుగా ఉండి కింద "నో ఇంటర్నెట్" అని వచ్చిందంటే సరిగ్గా అదే సంగతి. అప్పుడు ఫోన్ వదిలేసి, ఫైబర్ వచ్చి చేరే పెట్టె దగ్గరికి వెళ్లండి. దాన్ని మేము ఓఎన్‌టీ అంటాం, చాలా ఇళ్లలో రూటర్ కూడా అందులోనే కలిసి ఉంటుంది. ఎల్‌ఓఎస్ అనే లైటు ఎర్రగా వెలుగుతోందంటే తీగలో రావాల్సిన వెలుతురు పెట్టెదాకా రావట్లేదన్నమాట. వీధిలో తెగి ఉండొచ్చు. లేదా బీరువా జరిపినప్పుడు ఆ సన్నటి తీగ నలిగి ఉండొచ్చు. లోపల ఉన్నది గాజు, గట్టిగా మడిస్తే వెలుతురు పక్కకి జారిపోతుంది. తీగ తెగితే పదిసార్లు ఆఫ్ చేసి ఆన్ చేసినా ఆ ఎరుపు పోదు. "ఎల్‌ఓఎస్ ఎర్రగా ఉంది" అని ఫోన్‌లోనే చెబితే మాకు సగం పని అయినట్టే, ఫైబర్ అతికే మెషీన్ వెంటబెట్టుకుని వస్తాం.

అపోహ: 100 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకుంటే సెకనుకు 100 ఎంబీ దిగాలి. 12 దగ్గరే ఆగిందంటే మోసం.

వాస్తవం: ప్లాన్ లెక్క బిట్లలో, ఫైల్ లెక్క బైట్లలో. 8 బిట్లు కలిస్తే ఒక బైట్. 100ని 8తో భాగించండి, 12.5 వస్తుంది. అంటే 1 జీబీ సినిమాకి అన్నీ కుదిరినా 80 సెకన్లు పడుతుంది.

నిజంగా స్పీడ్ తగ్గే సందర్భాలూ ఉన్నాయి. ఒకటి నా చేతిమీదే జరిగింది. 300 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్న ఒకాయనకి ల్యాప్‌టాప్‌లో 94 దాటడం లేదు. పెట్టె మార్చాను, లైను చూశాను, రెండ్రోజులు తిరిగాను. చివరికి చూస్తే రూటర్ నుంచి ల్యాప్‌టాప్‌కి నేను క్రింప్ చేసిన, అంటే కొసకి కనెక్టర్ నొక్కి బిగించిన లాన్ కేబుల్‌లోనే లోపలి ఒక తీగ కనెక్టర్‌లో సరిగ్గా కూర్చోలేదు. 100 వరకూ 4 తీగలు చాలు, గిగాబిట్‌కి, అంటే 1000 ఎంబీపీఎస్‌కి, 8 తీగలూ ఆనాలి. ఒక్కటి వదులైనా చాలావరకు కిందికి దిగి 100తో సరిపెట్టుకుంటుంది. ప్లాన్ 100కి పైనే ఉన్నా మీ స్పీడ్ 95 దగ్గర గోడకట్టినట్టు ఆగుతుంటే ముందు కేబుల్‌ని, ఆ తర్వాత అది గుచ్చే పోర్టుని అనుమానించండి.

అపోహ: యాంటెన్నాలు ఎక్కువ ఉన్న రూటర్ కొంటే ఇల్లంతా సిగ్నలే.

వాస్తవం: ఎన్ని యాంటెన్నాలున్నా దాన్ని టీవీ వెనక దాచేస్తే ఏం లాభం? చూడ్డానికి బాగోదని షోకేస్ అరలో తోసేసేవాళ్లను రోజూ చూస్తుంటాను. ఇనప బీరువా, నిలువుటద్దం, చేపల తొట్టి, ఇవన్నీ సిగ్నల్‌కి అడ్డే. శ్లాబ్ సంగతి చెప్పక్కర్లేదు. రూటర్లలో వైఫై సాధారణంగా రెండు బ్యాండ్లలో వస్తుంది, 5 గిగాహెర్ట్జ్, 2.4 గిగాహెర్ట్జ్. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది కానీ గోడలు దాటేటప్పుడు త్వరగా నీరసిస్తుంది. 2.4 దూరం పోతుంది. కాకపోతే అపార్ట్‌మెంట్‌లో పక్కింటి రూటర్లన్నీ అక్కడే గుమిగూడతాయి, పైగా మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఆ దరిదాపుల్లోనే పనిచేస్తుంది. ఆ 2.4 బ్యాండ్‌లోని ఛానళ్లలో (సిగ్నల్ నడిచే వరసలు) ఒకదానిమీద ఒకటి పడనివి 1, 6, 11 మాత్రమే.

రిపీటర్, అంటే రూటర్ సిగ్నల్ అందుకుని మళ్లీ పంచే పెట్టె, కొన్నవాళ్లు దాన్ని సిగ్నల్ బొత్తిగా రాని గదిలో పెడతారు. దానికే అందనిది అదేం పంచుతుంది? సగం దారిలో పెట్టాలి. నన్నడిగితే పై అంతస్తుకి ఒక లాన్ కేబుల్ లాగి అక్కడ ఇంకో రూటర్ పెట్టుకోవడమే మేలు. గోడకి రంధ్రం అనగానే ఇంటివాళ్లు మొహం మాడ్చుకుంటారనుకోండి, అది వేరే సంగతి.

అపోహ: నా ఐపీ అడ్రస్ 192.168.1.5, ఎవరికీ తెలియకూడదు.

వాస్తవం: మీ పక్కింటి ఫోన్‌కీ అదే ఉండొచ్చు. ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ 102 నంబరు ఫ్లాట్ ఉన్నట్టే ఇదీ, ఆ గేటు లోపలే చెల్లుతుంది. పాత పద్ధతి ఐపీ అడ్రసులు మొత్తం 429 కోట్లే. అవి చాలక చాలా కంపెనీలు ఒకే బయటి అడ్రస్ వెనక ఎన్నో ఇళ్లను పెడుతున్నాయి. సీసీ కెమెరా పెట్టినతను "పోర్ట్ ఫార్వార్డ్ చేశాను (బయటినుంచి కెమెరాకి దారి తెరిచాను), ఊరినుంచి చూసుకోండి" అన్నా బొమ్మ రాకపోవడానికి తరచూ ఇదే కారణం. రూటర్ సెట్టింగుల్లో వ్యాన్ (WAN) ఐపీ, అంటే కంపెనీ మీ రూటర్‌కి ఇచ్చిన అడ్రస్, 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే మీదీ ఆ బాపతే. స్టాటిక్ ఐపీ (మీకే కేటాయించే, మారని బయటి అడ్రస్) కొనుక్కోవాలి, లేదా కెమెరా కంపెనీ యాప్‌తో చూసుకోవాలి.

అపోహ: వైఫై పేరు దాచేస్తే ఎవరూ దూరలేరు.

వాస్తవం: ఫోన్‌లో లిస్టు నుంచి పేరు పోతుంది గానీ ఉచితంగా దొరికే యాప్‌లు దాన్ని పట్టేస్తాయి. పొడవైన పాస్‌వర్డ్, రూటర్ సెట్టింగుల్లో వైఫైకి తాళం వేసే పద్ధతిగా డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 ఉంటే చాలు. సొంత ఫోన్ నంబరే పాస్‌వర్డ్‌గా పెట్టిన ఇళ్లు నాకు లెక్కలేనన్ని తెలుసు. రూటర్ సెట్టింగుల్లోకి వెళ్లే పాస్‌వర్డ్ వేరే ఉంటుంది. అది ఇంకా "అడ్మిన్" అనే ఉంటే ఇవాళే మార్చి, కొత్తది రూటర్ అడుగున కాకుండా డైరీలో రాసుకోండి.